బోర్డు మీద బరంపురం, దిగేది ఊరి బయట

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పుట్టినవాళ్లెవరికీ ఒడిశాలోని బరంపురం పరాయి ఊరు కాదు. కళ్లు చూపించుకోవాలన్నా, పెళ్లికి పట్టుచీర తీయాలన్నా మాకు విశాఖ కంటే అదే దగ్గర. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమై బరంపురం అటు పోయి, ఇచ్ఛాపురం ఇటు మిగిలేదాకా రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లావే. రాష్ట్రపతిగా పనిచేసిన వి.వి.గిరి పుట్టింది కూడా ఆ ఊళ్లోనే. ఇప్పటికీ అక్కడి బజార్లలో తెలుగులో బేరమాడితే ఎవరూ వింతగా చూడరు. ఇచ్ఛాపురం నుంచి దూరం సుమారు పాతిక కిలోమీటర్లు. ఇంత చిన్న ప్రయాణం గురించి ఇంత పొడుగున రాయవలసి వస్తున్నదంటే కారణం ఆ చివరి మూడు, నాలుగు కిలోమీటర్లే.

ఈసారి వెంట పెద్దమ్మ ఉంది. ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో ఆమెకు కళ్లు చూపించాలి. మనవరాలి పెళ్లికి పట్టు కొనాలి. నాకు గోపాలపూర్ చూడాలని ఉంది. తిరుగు ప్రయాణం పర్లాకిమిడి మీదుగా అనుకున్నాం.

వెళ్లేటప్పుడు ఇచ్ఛాపురంలో బస్సెక్కాం. పురుషోత్తపురం చెక్‌పోస్టు, ఆ తరువాత గిరిసోల దాటేదాకా అంతా బాగానే ఉంది. హైవే మీద బస్సు జోరుగా పోయింది. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని జీడితోటలను లెక్కపెడుతూ వచ్చింది. బరంపురం దగ్గరపడ్డాక అసలు కథ మొదలైంది. ఊరి నడుమ పాత బస్టాండు ఒకటుంది. పెద్దమ్మ ఎరిగిన బరంపురం అదే. అక్కడ దిగితే బజారు నడిచి వెళ్లే దూరం. ఇప్పుడు ఎక్కువ దూరం నుంచి వచ్చే బస్సులకు హలదియాపదర్‌లోని కొత్త బస్టాండే దిక్కు. పాత బస్టాండులో లోకల్ బస్సుల హడావిడి తప్ప మా బోటివాళ్ల బస్సులకు చోటు లేదు.

కొత్త బస్టాండులో స్థలానికి లోటు లేదు, అది ఒప్పుకోవాలి. బస్సు వెనక్కి తిప్పుకోవడానికి డ్రైవరు చెమటలు కక్కనక్కర్లేదు. కానీ మెట్టు దిగీ దిగకముందే ఆటోవాళ్లు చుట్టుముట్టారు. పెద్దమ్మ చేతిలో పాత స్కానింగు కాగితాల కవరు ఉంది. దాని మీద ఆసుపత్రి పేరు పెద్ద అక్షరాల్లో ఉంది. దాన్ని చూడగానే అడిగిన చార్జీ ఒక్కసారిగా పెరిగింది. ఆమె కవరును తిప్పి పైట చెంగు కింద పెట్టుకుని, "మెడికల్‌కి కాదు నాయనా, పక్క వీధిలో మా అమ్మాయి ఇల్లుంది, అక్కడికి" అంది తెలుగులో. ఆటో అబ్బాయి నవ్వి, "కవరు ముందే చూశానమ్మా" అన్నాడు, అదీ తెలుగులోనే. చివరికి ఇచ్ఛాపురం నుంచి బస్సుకు ఇద్దరికీ అయినదానికంటే ఆటోకే ఎక్కువైంది. పాతిక కిలోమీటర్ల కంటే నాలుగు కిలోమీటర్లు ఖరీదు!

ఇందులో ఆటోవాళ్లను తిట్టి లాభం లేదు. బస్సును ఊరి బయట ఆపితే ఆ ఖాళీని ఎవరో ఒకరు నింపుతారు, వాళ్ల ధరకు నింపుతారు. నా కోపమంతా అసలు ఈ నిర్ణయాలు జరిగే పద్ధతి మీద. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 117వ సెక్షను ప్రకారం బస్సులు ఎక్కడ ఆగాలో, ఎక్కడ నిలబడాలో రాష్ట్ర ప్రభుత్వంగాని, అది అధికారమిచ్చినవారుగాని ఆ ఊరి స్థానిక సంస్థతో సంప్రదించి తేలుస్తారు. బరంపురం 2008 నుంచి కార్పొరేషను. అక్కడి కార్పొరేటరుకు ఓట్లు వేసేది ఆ ఊరివాళ్లు. వాళ్ల ఇంటి ముందు ట్రాఫిక్ తగ్గడం వాళ్లకు ముఖ్యం, అందులో తప్పు లేదు. కానీ బస్సులో వచ్చేది కవిటివాడు, కంచిలివాడు, దిగపహండివాడు, అస్కావాడు. వీళ్లలో ఒక్కరికీ ఆ కార్పొరేషనులో ఓటు లేదు. ఊళ్లోకి రావడం ఎవరి అవసరమో వాళ్ల మాట తప్ప మిగతా అందరి మాటా అక్కడ చెల్లుతుంది.

పట్టుచీరల దుకాణంలో ఈ మాటే ఎత్తాను. బరంపురం పట్టుకు 2012లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంచున గోపురాల్లాంటి కుంభం పనికి పేరు. మగ్గాలవాళ్లలో తెలుగు మాట్లాడే కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. దుకాణం యజమాని కూడా ఇంట్లో తెలుగే మాట్లాడతానన్నాడు. "బస్సులు లోపలికొస్తే కొనేవాళ్లొస్తారు, నిజమే. కానీ మా దుకాణం ముందు రెండు బస్సులు ఎదురెదురు నిలబడితే ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోతారు కదా బాబూ" అన్నాడు. వాదన కొట్టిపారేసేది కాదు. ఆ బజారు వీధుల్లో కారు తిప్పడమే కష్టం. రెండేళ్లకోసారి బుఢీ ఠాకూరాణీ జాతర వస్తే సరేసరి, మనిషి నడవడానికే చోటుండదు. కాబట్టి పెద్ద బస్సులన్నిటినీ తిరిగి పాత బస్టాండుకు తేవాలని నేను అనను. బయటే ఆపండి, కానీ అదే టికెట్టు మీద లోపలికి చేర్చే బస్సు పెట్టండి అంటాను. భువనేశ్వర్‌లో బరముండా టెర్మినలూ హైవే పక్కనే ఉంది. కానీ 2018లో మో బస్ పేరుతో మొదలై ఇప్పుడు ఆమ బస్ అయిన సిటీ బస్సులు దాన్ని ఊరితో కలుపుతున్నాయి కనుక అక్కడ ఈ బాధ ఇంత లేదు. బరంపురంలోనూ ఆమ బస్సులు తిరుగుతున్నాయి. ఎక్కినంతసేపు మాకు సుఖంగానే ఉంది, శుభ్రంగానూ ఉంది. చిక్కల్లా మన బస్సు దిగే వేళకు అది అక్కడ ఉండకపోవడమే. ముసలివాళ్లను, సంచులను పెట్టుకుని ఎండలో ఎదురుచూడలేక ఆటో ఎక్కేస్తాం.

ఇక రాత్రి బస్సుల సంగతి మరీ అన్యాయం. హైదరాబాద్‌లో ఉండే మా తమ్ముడు మమ్మల్ని కలవడానికి ఒక ప్రైవేటు ట్రావెల్స్ బస్సులో వచ్చాడు. టికెట్టు మీద బరంపురం అని ఉంది. దింపింది బైపాస్ మీద, తెల్లారకముందు, దీపమైనా లేని చోట. అడిగితే "ఊళ్లోకి పోనివ్వరు" అన్నాడట క్లీనరు. ఇందులో సగం నిజముంది. ఇటువంటి బస్సులు చాలావరకు కాంట్రాక్టు క్యారేజీ పర్మిట్ల మీద, అంటే బస్సు మొత్తాన్ని ఒప్పందం మీద అద్దెకిచ్చే పర్మిట్ల మీద నడిచేవి. దారిలో ఒక్కొక్కరినీ ఎక్కించుకుంటూ దింపుకుంటూ పోవడానికి కావలసింది స్టేజి క్యారేజీ పర్మిటు. అది లేనప్పుడు బస్టాండులో హక్కుగా అడుగుపెట్టే వీలూ లేదు. కానీ టికెట్టు అమ్మేటప్పుడు ఆ సగం నిజం ఎవరూ చెప్పరు. బుక్ చేసేవారికి నా సలహా ఒకటే: దిగే చోటు బైపాసా, కొత్త బస్టాండా అని ముందే ఫోను చేసి అడగండి. ఆడవాళ్లు ఒంటరిగా వస్తుంటే ఆ బస్సు మానేసి రైలెక్కండి.

రైలంటే గుర్తొచ్చింది. నన్నడిగితే బరంపురానికి మంచి దారి రైలే. హౌరా–చెన్నై ప్రధాన మార్గం మీద స్టేషను ఉంది, అక్కడి నుంచి బజారుకు ఆటో ప్రయాణం కాసేపే. బస్టాండును జరిపినట్టు స్టేషనును జరిపే ధైర్యం ఎవరికీ లేదు. మా వైపు సోంపేట స్టేషను సోంపేటలో కాక కంచిలిలో ఉందనుకోండి, అది వేరే గొడవ. పాసింజరు రైళ్ల వేళలు ఆసుపత్రి ఓపీ వేళలకు కుదరకపోవడం ఒక్కటే లోపం.

బస కూడా దీన్ని బట్టే ఎంచుకోవాలి. కొత్త బస్టాండు దగ్గర లాడ్జీలు చవక. గది చూశాం. దుప్పటి మార్చారో లేదో అని పెద్దమ్మ వాసన చూసి "వద్దు" అనేసింది. పొద్దున్నే బస్సు పట్టుకోవలసినవాళ్లకు తప్ప అక్కడ ఉండి ప్రయోజనం లేదు. ఏ పనికైనా మళ్లీ ఆటో కావాలి, మిగిల్చినది ఆటోకే పోతుంది. స్టేషను వైపు ఉన్న ఒక మధ్యరకం లాడ్జిలో దిగాం. వేడినీళ్లు పొద్దున తొమ్మిది దాకానే వస్తాయి, లిఫ్టు ఉన్నా ఆగిపోతూ ఉంటుంది, కానీ మరుగుదొడ్డి శుభ్రంగా ఉంది, గుమస్తాకు తెలుగు వచ్చు, రాత్రిపూట బయటికి వెళ్లి మందులు కొనుక్కోవచ్చు. ఆసుపత్రి పనికి వచ్చేవాళ్లకు ఇవే ముఖ్యం. పొద్దున టిఫిను పూరీ, ఉప్మా ఒకే ఆకులో వేసి ఇస్తారు. పెద్దమ్మ మొదట ముఖం చిట్లించినా రెండో రోజు తనే అడిగి తెప్పించుకుంది. ఆసుపత్రి గురించి ఒక్క మాట: చాలా పెద్దది, రద్దీ, ఓర్పుండాలి. పొద్దున్నే వెళ్లి చీటీ తీసుకోకపోతే రోజంతా వృథా.

గోపాలపూర్ సముద్రం పదహారు కిలోమీటర్లు. బస్సులున్నాయి, సాయంత్రం వెళ్లి రావచ్చు. దీపస్తంభం, బజ్జీలు, గాలి. మా బారువ తీరం చూసినవాళ్లు పరుగెత్తి వెళ్లనక్కర్లేదు.

పర్లాకిమిడికి రెండు దారులు. ఒకటి దిగపహండి, తప్తపాణి మీదుగా కొండల్లోంచి. దారిలో చంద్రగిరి దగ్గర టిబెటన్ల పెద్ద బౌద్ధ మఠం ఉంది, సమయముంటే ఆగి చూడదగినది. రెండోది మళ్లీ ఆంధ్రలోకి దిగి పలాస, టెక్కలి, పాతపట్నం మీదుగా. ఒడిశాలో బయలుదేరి ఒడిశాలోనే ముగిసే ప్రయాణమైనా మధ్యలో దారంతా మనదే. ఇక్కడ చట్టంలో సరదా అయిన మెలిక ఒకటుంది. బయలుదేరే చోటూ చేరే చోటూ ఒకే రాష్ట్రంలో ఉండి, పక్క రాష్ట్రంలో పడే దారి పదహారు కిలోమీటర్లు మించకపోతే ఆ రాష్ట్రం సంతకం లేకుండానే పర్మిటు చెల్లుతుంది. పలాస దారి దానికి ఎన్నో రెట్లు కనుక రెండు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. అందుకే ఆ దారిన బస్సులు కోరినన్ని ఉండవు. మేం కొండదారినే వెళ్లాం. నడుములు విరిగాయి, కళ్లు చల్లబడ్డాయి.

ఒడిశా వైపు బస్సంటే ఎక్కువగా ప్రైవేటు బస్సే. అక్కడి ప్రభుత్వ రవాణా సంస్థ 1974 నుంచి ఉన్నా మన ఆర్టీసీలాగా పల్లెపల్లెకూ విస్తరించలేదు. 2023 అక్టోబరులో అక్కడి ప్రభుత్వం పంచాయతీలను కలిపే లక్ష్మీ బస్సులు మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలున్నాయి. ప్రైవేటు బస్సుల యజమానులు అడ్డం తిరిగారు. బ్లాకు (మన మండలం లాంటిది) కేంద్రం దాటి జిల్లా కేంద్రాల దాకా ఆ బస్సులు రావద్దన్నది వాళ్ల పట్టు. ప్రభుత్వం మారాక పథకానికి ముఖ్యమంత్రి బస్ సేవ అని పేరు మారింది. అంటే తగాదా ఒక్క బరంపురానిది కాదు. పల్లె నుంచి వచ్చే బస్సును పట్టణం గుమ్మం దగ్గర ఆపాలనే ఆరాటం ఒకచోట కార్పొరేషనుది, ఒకచోట పోటీదారుది. మెట్టు దిగి నడవాల్సింది మాత్రం అన్నిచోట్లా ప్రయాణికుడే.

పర్లాకిమిడిలో ఆ బాధ తక్కువ. ఊరు చిన్నది, బస్టాండు నుంచి రాజుగారి కోటకు తీరుబడిగా నడిచిపోవచ్చు. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరని పెద్దమ్మకు చెబితే, "అయితే మనవాళ్లదే ఊరు" అని తేల్చేసింది. అటు వాళ్లూ ఇటు వాళ్లూ మొక్కే నీలమణి దుర్గమ్మ గుడి సరిహద్దుకు ఇవతల పాతపట్నంలో ఉంది. ఆటోలు రాష్ట్రం మారినట్టే పట్టించుకోకుండా అటూ ఇటూ తిరుగుతుంటాయి.

ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో చార్జీ లేదు. కానీ రాష్ట్రం దాటే సర్వీసులకు అది వర్తించదు. దాంతో సరిహద్దు ఊళ్లలో కొత్త అలవాటు పుట్టింది. ఆడవాళ్లు ఇచ్ఛాపురం దాకానో పాతపట్నం దాకానో ఉచితంగా వచ్చి, అక్కడ దిగి, ఒడిశాలోకి ఆటో మాట్లాడుకుంటున్నారు. నేరుగా వెళ్లే బస్సుల్లో ఆ మేరకు సీట్లు ఖాళీ. సీట్లు నిండని బస్సును తీసేయడానికి ఏ డిపోకైనా ఎక్కువ కాలం పట్టదు. అప్పుడు హలదియాపదర్ దాకా చేర్చే బస్సు కూడా మిగలదేమోనని నా భయం.

పెద్దమ్మకు ఈ లెక్కలేవీ పట్టలేదు. గుడి చూసుకుని పాతపట్నంలో టెక్కలి బస్సెక్కగానే ఆధార్ కార్డు తీసి కండక్టరుకు చూపించి సున్నా టికెట్టు తీసుకుంది. నేను పూర్తి చార్జీ ఇస్తుంటే నా వైపు చూసి, "వచ్చే నెల కళ్లద్దాలకు కూడా ఈ దారినే వెళ్దాం" అంది.