విశాఖ నుంచి ఆస్ట్రేలియాకి స్కూట్: చౌక టికెట్ లెక్క

మెల్‌బోర్న్, సిడ్నీ, పెర్త్‌లకి హైదరాబాదో ఢిల్లీయో తిరగక్కర్లేకుండా, సింగపూర్‌లో ఒక్కసారి మారితే చాలు. సింగపూర్ చౌక విమాన సంస్థ స్కూట్‌కి నా మార్కులన్నీ అందుకే. మొదట కనిపించే రేటు మాత్రం నమ్మకండి. అందులో చేతి సామాను 10 కిలోలే. చెక్-ఇన్ బ్యాగు, భోజనం విడిగా కొనాలి. బ్యాగు ఆన్‌లైన్‌లోనే కలపండి, ఎయిర్‌పోర్టు కౌంటర్లో ఇంకా ఖరీదు. (ఆవకాయ తీసుకెళ్తే ఆస్ట్రేలియాలో దిగగానే డిక్లేర్ చేయాల్సిందే.)

అసలు చిక్కు రెండు టికెట్లు విడివిడిగా కొన్నప్పుడే. బ్యాగు చివరిదాకా వెళ్లకపోతే చాంగీలో (సింగపూర్ ఎయిర్‌పోర్టులో) ఇమిగ్రేషన్ దాటి తెచ్చుకోవాలి, దానికి సింగపూర్‌లోకి వెళ్లే అనుమతి ఉండాలి. పైగా మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే పూచీ ఎవరిదీ కాదు. కాబట్టి మొత్తం ప్రయాణం ఒకే పీఎన్‌ఆర్‌లో తీసుకోండి. బ్యాగు, తిండి కలిపాక వచ్చిన మొత్తాన్ని ఢిల్లీ మీదుగా వెళ్లే ఎయిరిండియా రేటుతో పోల్చండి. తేడా కొంచెమే అయితే పిల్లలున్నవాళ్లకి ఎయిరిండియానే నయం.