విజయవాడ మొగల్రాజపురం షేర్డ్ ఆఫీసు మా అకౌంట్స్ పనికి ఎలా ఉందంటే

మాది జీఎస్టీ ఫైలింగ్ పని. ప్రతి నెలా 11కి జీఎస్టీఆర్-1 (అమ్మకాల లెక్క), 20కి 3బి (పన్ను కట్టే రిటర్న్), టెన్షన్ అంతా ఆ తేదీల ముందే. గవర్నర్‌పేటలో మా పాత గదికి పడమటి గోడ, మే నెలలో మధ్యాహ్నం దాటితే ఆ గోడ మీద చెయ్యి పెట్టలేం, సరిగ్గా అప్పుడే మావాళ్లు ఇన్వాయిస్ నంబర్లలో అంకెలు తారుమారు చేసేవాళ్లు. అది నిర్లక్ష్యం అనేవాళ్లు ఒక్క పూట ఆ గదిలో కూర్చుని చూడాలి.

అందుకే మొగల్రాజపురంలో ఒక షేర్డ్ ఆఫీసులో సీట్లు తీసుకున్నాం. ముందు ఏసీ గురించి చెప్పాలి. 24లో పెట్టి వదిలేస్తారు, రిమోట్ కోసం గొడవల్లేవు. చాలా ఆఫీసుల్లో 18కి దించేసి అమ్మాయిలు చున్నీ కప్పుకుని టైప్ చేసే పరిస్థితి, ఇక్కడ అది లేదు. కిటికీలు టేబుళ్లకి పక్కగా వచ్చేలా వేశారు కాబట్టి స్క్రీన్ మీద వెలుతురు పడి మెరవదు, సాయంత్రానికి కళ్లు మంటలు లేవు. కుర్చీలు నడుముకి ఆనుతాయి. కరెంటు పోయినా జనరేటర్ అందుకునేదాకా యూపీఎస్ ఉంటుంది, పోర్టల్‌లో సగంలో ఉన్న పని పోదు. అద్దె పాత గది కంటే ఎక్కువే, అయినా నాకు బాధ లేదు.

మీటింగ్ రూం మాత్రం దండగ. చుట్టూ అద్దాలు, కిటికీ లేదు, స్ప్లిట్ ఏసీ ఉన్న గాలినే తిప్పుతుంది కానీ బయటి గాలి తేదు. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ 420 పీపీఎం (పది లక్షల వంతుల్లో 420) దాకా ఉంటే, ఇలాంటి గదిలో నలుగురు తలుపేసుకుని కూర్చుంటే త్వరగానే వెయ్యి దాటిపోతుంది, గంట తిరక్కుండా ఆవలింతలు. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టమని అడిగితే "చూస్తాం మేడం" అన్నారు, ఇంకా చూస్తూనే ఉన్నారు.

ఇంకోటి, స్పీకర్‌లో పెట్టి ఫోన్లు మాట్లాడేవాళ్లు. మా వెనక వరసలో ఇన్సూరెన్స్ వాళ్లు, పొద్దుటి నుంచి అదే గోల. టూబి (మనకి అమ్మినవాళ్లు చూపిన బిల్లులతో పోర్టల్‌లో వచ్చే జాబితా) పక్కన పర్చేజ్ రిజిస్టర్ పెట్టుకుని వరసగా టిక్ కొట్టుకుంటూ పోతుంటే ఒక్క కేక చాలు, ఎక్కడున్నామో తెలియక మళ్లీ పైనుంచి మొదలు. ఫోన్లకి వేరే గది ఉంది, అందులో మాట్లాడమని గట్టిగా చెప్పే మనిషి లేడు. వేడి కంటే ఇదే మా పనిని ఎక్కువ తినేస్తోంది.

తీసుకోవాలనుకుంటే ఉదయం చల్లపూట కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడండి. కిటికీ పక్క వరస అడగండి, ప్యాంట్రీ పక్కన ఇస్తామంటే ఒప్పుకోకండి.