నల్ల గిటార్ పోయి పసిఫికా వచ్చాక

మా మేనల్లుడు పాతపట్నంలో ఇంటర్ చదువుతున్నాడు. మొన్న నాలుగు ఎలక్ట్రిక్ గిటార్ల ఫొటోలు పంపి, "మావయ్యా, ఏది కొనమంటావు? నల్లది అదిరింది కదా" అన్నాడు. నిజమే, అదిరింది. నా మొదటి గిటారూ నల్లదే. దాని సంగతి వాడికి ఫోన్లో చెబితే సగమే విన్నాడు, అందుకే మిగతాది రాస్తున్నాను.

నాది పర్లాకిమిడి. పగలు మొబైల్ రిపేరు, పెళ్లిళ్లకీ దసరాకీ మెలోడీలో గిటార్. ఇక్కడ మెలోడీ అంటే ఆర్కెస్ట్రా. ఒకే స్టేజీ మీద ఒక పాట ఒడియా, తర్వాతది తెలుగు. ఒకదానికి తేటగా, గంట కొట్టినట్టు మోగాలి. ఇంకోదానికి డిస్టార్షన్‌తో, అంటే శబ్దాన్ని కావాలని గరుకు చేసి, గోల చెయ్యాలి. రెండింటికీ రెండు గిటార్లు మొయ్యడం నా వల్ల కాదు.

ఆ నల్లదానికి రెండు హంబకర్లు, పైగా తేలే బ్రిడ్జి. తీగ కదలికను కరెంటుగా మార్చేది పికప్, అందులో రెండు కాయిల్స్ ఉన్న రకం హంబకర్. తీగలు బాడీ మీద ఆనే చోటు బ్రిడ్జి. కంపెనీ పేరు అనవసరం. తేలే బ్రిడ్జి అంటే ముందు తీగలు లాగుతుంటే వెనకాల స్ప్రింగులు లాగుతూ, ఆ రెండిటి మధ్య త్రాసులా నిలబడేది. ఒక దసరా ప్రోగ్రాంలో పాట మధ్యలో సన్న తీగ తెగింది. ఒక తీగ పోతే ఐదుతో నెట్టుకురావచ్చు అనుకుంటాం కదా. లాగే తీగ తగ్గేసరికి స్ప్రింగులు బ్రిడ్జిని వెనక్కి లాగేశాయి, మిగతా ఐదూ శ్రుతి పెరిగిపోయాయి. పాడే అమ్మాయి నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. కొత్త తీగ వేసి, బిగింపులు విప్పి, అన్నీ మళ్లీ సరిచేసేసరికి మూడు పాటలు కీబోర్డు మీదే నడిచిపోయాయి. విరుపులు, ఊపులు ఇష్టపడి ఇంట్లో వాయించుకునేవాళ్లకి ఆ బ్రిడ్జి మంచిదే. స్టేజీకి ఒకటే గిటార్ పట్టుకెళ్లేవాడికి మాత్రం వద్దు.

2016లో విశాఖ వెళ్లి యమహా పసిఫికా 112వీ కొన్నాను, గుణుపూర్ పాసింజర్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. ఇప్పటికీ అదే వాయిస్తున్నాను. దీనికి బ్రిడ్జి దగ్గర హంబకర్, మధ్యలోనూ మెడ దగ్గరా సింగిల్ కాయిల్స్, అంటే ఒకే కాయిల్ ఉన్న పికప్‌లు. ఈ అమరికనే హెచ్ఎస్ఎస్ అంటారు. ఆల్డర్ చెక్క, 22 ఫ్రెట్లు (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కమ్మీలు). టోన్ నాబ్ పైకి లాగితే హంబకర్ కూడా ఒక కాయిల్‌తో పనిచేస్తుంది. అప్పుడు శబ్దం పలచబడుతుంది, వాల్యూమూ కాస్త తగ్గుతుంది. నేను ఆ నాబ్ లాగేది ఎప్పుడో ఒకసారి.

మా ఊళ్లలో అసలు గొడవ రొద. సింగిల్ కాయిల్ తీగ శబ్దంతో పాటు చుట్టుపక్కల కరెంటు రొదనూ పట్టేస్తుంది. పందిట్లో సీరియల్ లైట్లు, లైటు డిమ్మర్లు, పక్కనే జనరేటర్ ఉంటే ఇంక చెప్పక్కర్లేదు, తుమ్మెద దూరినట్టే. హంబకర్‌లో రెండు కాయిల్స్ ఎదురెదురుగా చుట్టి, అయస్కాంతాల దిక్కు కూడా మార్చి పెడతారు. రొద రొదను కొట్టేస్తుంది, తీగ శబ్దం మాత్రం కలిసి పెద్దదవుతుంది. గిబ్సన్‌లో పనిచేసిన సెత్ లవర్ దీనికి 1955లోనే పేటెంటు దరఖాస్తు పెట్టాడు. మరి అన్నీ హంబకర్లే ఎందుకు కాదంటే, సింగిల్ కాయిల్‌లో ఉండే ఆ తేటదనం హంబకర్‌కి రాదు. అందుకే నా తేట పాటలన్నీ మెడ పికప్ మీద, గోల పాటలన్నీ బ్రిడ్జి హంబకర్ మీద. పాటకీ పాటకీ మధ్య మాట్లాడేటప్పుడు వాల్యూమ్ సున్నా.

ఇంకో మాట, గిటార్ ఏదైనా సరే. ఎర్త్ లేని ప్లగ్గు ఇస్తే వాయించకండి. తీగల మీద చెయ్యి పెట్టి మైకుకి పెదవి తగిలిస్తే షాక్ కొట్టొచ్చు. నాకు కొట్టింది కూడా. అప్పటినుంచి టెస్టర్ గిటార్ బ్యాగ్‌లోనే ఉంటుంది.

పసిఫికాదీ ఊపే బ్రిడ్జే, కానీ పాత తరహాది. వెనక మూత తీసి స్ప్రింగుల మరలు బిగించి, బ్రిడ్జిని చెక్కకి ఆనించేశాను. పైకి లాగే ఊపు పోయింది, కిందికి నొక్కే ఊపు ఉంది. తీగ తెగినా మిగతావి దాదాపు కదలవు. అంతకన్నా నాకేం కావాలి?

వానాకాలంలో చెక్క తేమ పీల్చి మెడ వంపు మారుతుంది. లావు తీగని మొదటి ఫ్రెట్ దగ్గరా, మెడ బాడీలో కలిసే చోటా నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద విజిటింగ్ కార్డు దూరుతుందా చూస్తాను. మరీ ఎక్కువ ఖాళీ ఉంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) పావు చుట్టు బిగించి, మర్నాటిదాకా ఆగుతాను. తీగలు తొమ్మిది సెట్, అంటే సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట తొమ్మిది వంతులు. వాయించాక పాత లుంగీ గుడ్డతో తుడవకపోతే నెల తిరక్కుండా తుప్పే. మొదటి మూడు ఫ్రెట్ల మీద గాట్లు పడ్డాయి. ఇన్నేళ్ల వాయింపుకి అది ఏ గిటార్‌కైనా తప్పదు.

మేనల్లుడు పంపిన నల్లది గిబ్సన్ వాళ్ల లెస్ పాల్ తరహాది, రెండూ హంబకర్లే. దాన్ని కాదనను. దాని స్కేలు, అంటే మోగే తీగ పొడవు, 24.75 అంగుళాలు, నాదేమో 25.5. స్కేలు తగ్గితే తీగ మెత్తబడుతుంది, చిన్న వేళ్లకి సుళువు. కానీ కొన్ని నాలుగు కిలోల పైనే తూగుతాయి, అర్ధరాత్రి దాటాక భుజానికి తెలుస్తుంది. వాడు వాయించేది ఇంట్లో కుర్చీలో కూర్చుని, వాడికి ఇష్టమైనవన్నీ గోల పాటలే. కాబట్టి వాడికి అదే సరిపోవచ్చు, నా గిటార్ కాకపోవచ్చు.

కొట్లో ముందు ఆంప్‌కి (శబ్దం పెంచే పెట్టెకి) తగిలించకుండా వాయించమన్నాను. ప్రతి తీగ మీదా ప్రతి ఫ్రెట్టూ నొక్కాలి, ఎక్కడ గరగరమన్నా అడగాలి. ఫ్రెట్ల చివర్లు చేతికి గీరుకోకూడదు. ఆంప్ పెట్టాక నాబ్‌లు తిప్పి, జాక్ కాస్త కదిపి చూడాలి. ఆదివారం విశాఖ వెళ్తున్నాం. వాడు అప్పుడే అరువు బ్యాగ్ సర్దేశాడు. మా మెలోడీ విజిటింగ్ కార్డు ఒకటి జేబులో పెట్టుకోమంటే, "అక్కడెవరికిస్తాం మావయ్యా?" అంటున్నాడు.