మొదటి సఫారీకి ఏది మేలు: మసాయి మారానా, క్రూగరా?

ఆఫ్రికా సఫారీకి డబ్బు కూడబెట్టుకున్నాక మా చుట్టాలు, స్నేహితులు ఫోన్ చేసి ముందుగా అడిగేది ఒకటే: "సింహాలు ఎక్కడ బాగా కనిపిస్తాయి?" కెన్యాలోని మసాయి మారాకి ఒకసారి, దక్షిణాఫ్రికాలోని క్రూగర్‌కి రెండుసార్లు వెళ్లొచ్చాం. సింహాలు రెండు చోట్లా కనిపించాయి. అందుకే వాళ్లని నేను వేరే ప్రశ్న అడుగుతాను. బండి ఎవరు నడపాలి, గైడా, మీరా? రెండింటికీ అసలు తేడా అక్కడే ఉంది.

మారా సుమారు 1,510 చదరపు కిలోమీటర్ల రిజర్వు. ఎటు చూసినా గడ్డి మైదానమే. అక్కడో చెట్టు, ఇక్కడో చెట్టు, అంతే. కాబట్టి అర కిలోమీటరు దూరంలో చిరుత చెట్టు దిగినా గైడు కంటికి ఆనుతుంది. (మనవాళ్లు చిరుతకీ చీతాకీ తేడా లేకుండా మాట్లాడుతుంటారు. చెట్టెక్కి పడుకునేది చిరుత. కళ్ల నుంచి నోటి దాకా నల్లటి గీత ఉండేది చీతా. మారాలో రెండూ ఉన్నాయి.) పైకప్పు ఎత్తే ల్యాండ్ క్రూయిజర్‌లో నిలబడి చూస్తూ వెళ్తారు. మొదటి సాయంత్రమే రెండు సింహాల గుంపులు, జిరాఫీలు, అడవి దున్నలు చూశాం. మా అత్తయ్య నోట మాట రాలేదు. తక్కువ రోజుల్లో ఎక్కువ చూడాలంటే మారాని మించింది లేదు, ఈ మాట గట్టిగా చెప్పగలను.

బాధ కలిగింది ఆగస్టులో, నది దగ్గర. పక్కనే టాంజానియాలో ఉన్న సెరెంగెటీ నుంచి లక్షల్లో తరలివచ్చే వైల్డ్‌బీస్ట్‌లు (గడ్డి మేసే, కొమ్ములున్న పెద్ద జంతువులు) మారా నది దాటే దృశ్యం చూడాలనే మేం జులై నుంచి అక్టోబరు మధ్య ఉండే ఆ సీజన్ ఎంచుకున్నాం. మూడు గంటలు ఎదురుచూశాం. మంద గట్టు దాకా వచ్చింది, నీళ్లవైపు చూసింది, ముందున్నవి ఒక్క అడుగు వేశాయి. అంతలో అటూ ఇటూ ఆగి ఉన్న బండ్లన్నీ మంచి చోటు కోసం ఒక్కసారిగా ముందుకు ఉరికాయి. అవి దిగాల్సిన దారికి బండ్లే అడ్డం పడ్డాయి. మంద వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మా బండి కూడా ఆ వరసలోనే ఉంది. ఆ రాత్రి టెంటులో నాకు సరిగా నిద్ర పట్టలేదు.

చీతాల పరిస్థితి ఇంకా కష్టం. అవి పగటిపూట వేటాడతాయి కాబట్టి చుట్టూ బండ్లు మూగితే వేట చెడుతుంది. మారాలో చేసిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. బండ్ల రద్దీ ఎక్కువగా ఉండే చోట తల్లి చీతాలు పెంచి పెద్ద చేయగలిగే పిల్లలు, రద్దీ లేని చోటుతో పోలిస్తే చాలా తక్కువని అందులో తేలింది. అందుకే ఇప్పుడు మారాకి వెళ్తామనేవాళ్లకి నేను రెండు దారులు చెప్తున్నాను. ఒకటి, జనవరి-ఫిబ్రవరిలోనో జూన్‌లోనో వెళ్లడం. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం పెద్ద వానలు, మట్టిరోడ్లలో బండ్లు దిగబడతాయి. రెండోది, రిజర్వుని ఆనుకుని ఉన్న మారా నార్త్, నబొయిషో, ఒలారే మొటొరొగి లాంటి కన్సర్వెన్సీల్లో దిగడం. ఆ భూమి మసాయి కుటుంబాలది. క్యాంపులవాళ్లు కౌలు కట్టి వాడుకుంటారు. బండ్ల సంఖ్యకి పరిమితి ఉంటుంది, రాత్రి సఫారీ కూడా ఉంటుంది. ఖర్చు ఎక్కువే అవుతుంది. అయినా ఆ డబ్బు పశువులు కాచుకునే మనుషులకీ అందుతుంది కాబట్టి నాకు సమ్మతమే.

ఇక క్రూగర్. విస్తీర్ణంలో మారాకి దాదాపు పదమూడు రెట్లు, 19,000 చదరపు కిలోమీటర్ల పైమాటే. నేషనల్ పార్కుగా 1926 నుంచి ఉంది. అక్కడ మామూలు చిన్న కారు అద్దెకు తీసుకుని మనమే నడుపుకోవచ్చు. మన దగ్గరలాగే రోడ్డుకి ఎడమవైపే నడపాలి. ముఖ్యమైన దారులన్నీ తారురోడ్లు. తారు మీద గంటకి 50, మట్టి మీద 40 కిలోమీటర్లు దాటకూడదు. రాత్రి బస చేసే క్యాంపులు పార్కు లోపలే ఉంటాయి. ఆ క్యాంపుల్లో, కొన్ని గుర్తించిన చోట్ల తప్ప కారు దిగకూడదు. సూర్యాస్తమయానికల్లా క్యాంపు గేటు మూసేస్తారు, జూన్‌లో అయితే సాయంత్రం ఐదున్నరకే. మొదటి రోజు ఆ టైం చూసుకుంటూ నడపడం మా ఆయనకి పెద్ద టెన్షన్ అయింది. రెండో రోజుకి అలవాటైపోయింది.

క్రూగర్‌లో లోటు ఏమిటంటే అది మైదానం కాదు, చాలా భాగం పొదల అడవి. పది అడుగుల దూరంలో సింహం పడుకుని ఉన్నా కనిపించకపోవచ్చు. ఒక్క రోజు చూసి "ఇంపాలాలు (అక్కడ ఎటు చూసినా కనిపించే జింకల్లాంటివి) తప్ప ఏమీ లేవు" అని నిట్టూర్చి వచ్చినవాళ్లు నాకు తెలుసు. కనీసం నాలుగు రాత్రులు ఉండలేనివాళ్లు క్రూగర్ పెట్టుకోకపోవడమే మంచిది. వెళ్తే మే నుంచి సెప్టెంబరు లోపు వెళ్లాలి. అప్పుడు అక్కడ చలికాలం, ఆకు రాలి, గడ్డి ఎండి ఉంటుంది. జంతువులన్నీ నీళ్ల దగ్గరికే రావాలి. స్కుకూజా క్యాంపు నుంచి లోయర్ సాబీ క్యాంపు దాకా నది వెంట వెళ్లే రోడ్డు చిరుతలకి పేరుపడింది. లోయర్ సాబీ దగ్గర సన్‌సెట్ డ్యామ్ అనే చెరువుంది. గట్టున కారు ఆపుకుని కూర్చుంటే నీటిగుర్రాలు, మొసళ్లు, కొంగలు అన్నీ మన ముందే.

మా మామయ్యకి డెబ్బై రెండేళ్లు, నడుం నొప్పి. మారాలో గతుకుల దారిన ఆరేసి గంటలు తిరిగేసరికి ఆయన అలిసిపోయారు. కానీ "ఇంక వెళ్దాం" అనలేకపోయారు, బండిలో వేరే కుటుంబం కూడా ఉంది మరి. క్రూగర్‌లో ఒక ఉదయం ఏనుగుల మంద రోడ్డు దాటుతుంటే దూరంగా ఆగి ఇంజన్ ఆపేశాం. పెద్దవి, కుర్రవి, చివర్లో తల్లి కాళ్ల మధ్య నడిచే గున్న. నలభై నిమిషాలు పట్టింది. ఇంకోచోట ఏదో కనిపించిందని రేడియోలో పిలుపు వస్తే తొందరపెట్టే గైడు లేడు. మామయ్య ఆ నలభై నిమిషాలూ కిటికీ వైపు తిప్పిన తల మళ్లీ ఇటు తిప్పలేదు. నాకు క్రూగర్ మీద మనసు నిలిచింది ఆ ఉదయమే. అయితే ఏనుగు చెవులు విసురుతూ మీవైపు తిరిగిందంటే ఫోటోల సంగతి మర్చిపోయి, మెల్లగా కారు వెనక్కి తీసుకోవాలి. నడిపేవాళ్లు మనమే కాబట్టి ఆ బాధ్యతా మనదే. గైడు చెప్పే విషయాలూ వినాలనిపిస్తే పార్కువాళ్ల తెల్లవారుజాము బండి బుక్ చేసుకోవచ్చు. గేట్లు తెరవకముందే అడవిలోకి తీసుకెళ్తారు. స్వెట్టరొక్కటే చాలదు, మంకీ క్యాప్ కూడా పెట్టుకోండి.

ఖర్చు దగ్గర ఈ రెండింటికీ పోలికే లేదు. మారాలో విదేశీయులకి ప్రవేశ రుసుము 2024 నుంచి మనిషికి రోజుకి జనవరి-జూన్ మధ్య 100 డాలర్లు, జులై-డిసెంబరు మధ్య 200. రిజర్వు బయట దిగితే ఆ టికెట్టు ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకే. క్రూగర్‌లో రోజు రుసుము ఆ 100 డాలర్లలో దాదాపు మూడో వంతు. పైగా క్యాంపు గుడిసెల్లో చాలావాటికి వంటగది ఉంటుంది. మేం రోజూ అన్నం, పప్పు వండుకున్నాం. తలుపు తీసి పెడితే మాత్రం కోతులు పళ్లెం ఎత్తుకుపోతాయి. భోజనానికి మారాలోనూ ఇబ్బంది లేదు. కెన్యాలో గుజరాతీలు తరతరాలుగా ఉన్నారు, చపాతీ అక్కడివాళ్ల రోజువారీ తిండి. శాకాహారం అంటే వింతగా చూసేవాళ్లు మాకు కనబడలేదు. పచ్చళ్లు, పొడులు ప్లాస్టిక్ సంచుల్లో కట్టుకుని బయల్దేరకండి, కెన్యాలో 2017 నుంచి వాటి మీద నిషేధం ఉంది. నైరోబీ నుంచి చిన్న విమానంలో వెళ్తే మనిషికి సామాను సాధారణంగా 15 కిలోలే, అదీ మెత్తటి బ్యాగుల్లో.

కెన్యా వెళ్లేవాళ్లకి ఎల్లో ఫీవర్ టీకా కార్డు తప్పనిసరి. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. హైదరాబాదులో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే క్వారంటైన్‌కి పంపవచ్చు. నేరుగా దక్షిణాఫ్రికా వెళ్లి వచ్చేవాళ్లకి ఆ బెడద లేదు. మలేరియా భయం మాత్రం రెండు చోట్లా ఉంది, మాత్రల గురించి డాక్టర్‌ని అడగాలి. బాగా చిన్న పిల్లలుంటే నేను రెండూ వద్దంటాను. జోహన్నెస్‌బర్గ్‌కి రెండు మూడు గంటల దూరంలో, పాత అగ్నిపర్వతం వలయంలో పిలానెస్‌బర్గ్ ఉంది. అక్కడ మలేరియా లేదు, సింహాలు, ఏనుగులు, ఖడ్గమృగాలు ఉన్నాయి.

భార్యాభర్తలు ఇద్దరే, నాలుగు రోజులే సెలవు, ఆ మైదానాన్ని ఒక్కసారైనా చూడాలనే కోరిక ఉంటే మారాకే వెళ్లండి. కన్సర్వెన్సీలో, మూడు రాత్రులు. నదిని లెక్కలోంచి తీసేయండి. అమ్మానాన్నలు, పదేళ్ల పిల్లలు, వారం రోజుల వ్యవధి, ఇంట్లో ధైర్యంగా బండి నడిపే మనిషి ఉంటే క్రూగర్‌కి మించింది లేదు. లోయర్ సాబీలో నదివైపు గదులు నెలల ముందే అయిపోతాయి, కాబట్టి విమానం టికెట్ల కన్నా ముందు గది చూసుకోండి. బైనాక్యులర్స్ మనిషికొకటి ఉండాలి. మేం ఇంటిల్లిపాదికీ ఒకటే తీసుకెళ్లాం. అది మామయ్య చేతిలోంచి మళ్లీ మా చేతికి రాలేదు.