లొంగిపోయే సూపర్‌హీరో పాత్రకు ఎవరు మేలు: నానినా, సత్యదేవా?

తెలుగులో సూపర్‌హీరో కథలు ఆడుతున్నాయని తేలాక ఒక ప్రశ్న పదే పదే వినిపిస్తోంది. శక్తి ఉండి కూడా పెద్దవాళ్ల ఒత్తిడికి తలొగ్గే హీరో కథ తీస్తే ఎవరిని పెట్టాలి? కథ లేకుండా పేర్లు చెబితే తేలే విషయం కాదు కాబట్టి ఒకటి అనుకుందాం.

కృష్ణ మీద ఒక బ్యారేజీ. గేట్ల దగ్గర పనిచేసే లష్కరు, నలభై ఏళ్లవాడు. చేతులు చాపితే వరద ఆగిపోయే శక్తి వస్తుంది. మొదటి వరదలో ఊరంతటినీ కాపాడతాడు. రెండో వరద ముందు ఇరిగేషన్ బంగళాకు మంత్రి పిలిపిస్తాడు. నీళ్లు తన వెంచర్ల వైపు రాకూడదు, పల్లంలో ఉన్న కాలనీ వైపు మళ్లాలి. బదులుగా లష్కరు ఉద్యోగం పర్మినెంట్ అవుతుంది. బెదిరింపు లేదు, కత్తి లేదు. చేతిలో టీ గ్లాసుతో నిలబడి అతను “అట్టాగేనండి” అంటాడు. సినిమా అంతా ఆ మాట మీదే నిలబడాలి.

నాని బలం అందరికీ తెలిసిందే. మనింటి మనిషిలా ఉంటారు, మాట సహజంగా వస్తుంది, ఓపెనింగ్స్ ఉన్నాయి. చిన్నతనం పడే సీన్లు ఆయనకు కొత్త కాదు. ‘జెర్సీ’ (2019)లో కొడుకు అడిగిన జెర్సీ కోసం భార్య పర్సులో డబ్బు తీయబోయి దొరికిపోయే సీను గుర్తు చేసుకోండి. అయిదొందల రూపాయల దగ్గర ఒక మగాడి పరువు ఎలా పోతుందో అక్కడ ఆయన మొహంలో కనిపిస్తుంది. లష్కరు పాత్రకు కావలసిన సరుకు అదే.

చిక్కు నటనలో లేదు, ఇమేజ్‌లో ఉంది. ‘వి’ (2020)లో నాని వరసగా హత్యలు చేసే పాత్ర వేశారు. కానీ దాని వెనక భార్యను పోగొట్టుకున్న పగ ఉంది. పెద్ద హీరో తప్పు చేస్తే మన కథల్లో దానికి ఒక ఫ్లాష్‌బ్యాక్ కాపలా కాస్తుంది. లష్కరుకు అలాంటి కారణం లేదు. ఉన్నదల్లా భయం, కాస్త ఆశ, ఇంట్లో అవసరం. స్టార్ డేట్లు ఇచ్చాక స్క్రిప్టు ఎక్కడ వంగుతుందో కూడా ముందే ఊహించవచ్చు. ఇంటర్వెల్ దగ్గరో, ప్రీ క్లైమాక్స్‌లోనో “మంత్రిని పట్టించడానికే లొంగినట్టు నటించాడు” అనే ట్విస్టు దిగుతుంది. అది దిగిన క్షణం కాలనీలో మునిగిన ఇళ్లకు అర్థం లేకుండా పోతుంది. నా దృష్టిలో తేల్చాల్సింది ఇదొక్కటే: ఆ “అట్టాగేనండి”ని చివరిదాకా నిజంగా ఉండనిచ్చే నటుడు ఎవరు?

అందుకే నా ఓటు సత్యదేవ్‌కి. ‘బ్లఫ్ మాస్టర్’ (2018)లో జనాన్ని నిలువునా ముంచే మోసగాడు. ‘ఉమామహేశ్వర ఉగ్రరూపస్య’ (2020)లో నలుగురి ముందూ దెబ్బలు తిని, పగ తీరేదాకా చెప్పులు వేసుకోనని ఒట్టు పెట్టుకున్న ఫొటోగ్రాఫర్. ‘గాడ్‌ఫాదర్’ (2022)లో చిరంజీవికి ఎదురు నిలిచిన విలన్. మూడింట్లోనూ మనిషి నమ్మించారు. తెర మీద ఆయన కనిపించగానే ఇతను మంచివాడా చెడ్డవాడా అని ప్రేక్షకుడు ముందే తీర్మానించుకోడు. లష్కరుకు కావలసింది అలాంటి ఖాళీ. పైగా దెబ్బ తిన్నాక నవ్వబోయి ఆగిపోయే ఆ పెదవులు, కిందికి జారే భుజాలు! వాటికి డైలాగు అక్కర్లేదు.

నా మాట మీద కాదు, స్క్రీన్ టెస్టులో తేల్చండి. ఇద్దరికీ బంగళా సీనే ఇవ్వాలి. మొదట మిడ్ షాట్‌లో డైలాగుతో ఒక టేకు. తర్వాత మొహాన్ని దగ్గరగా చూపే 85 ఎంఎం లెన్సు పెట్టి, డైలాగు తీసేసి, 40 సెకన్లు కట్ చెప్పకుండా క్లోజప్. మూడోది ముక్కు మీదుగా తడి తువ్వాలు కట్టి. వరదలోకి దిగేటప్పుడు అతని మాస్కు అదే కాబట్టి కళ్లూ కనుబొమలూ మాత్రమే పలకాలి. మూడింటినీ మానిటర్‌లో సౌండు తీసేసి చూడాలి. ఒప్పుకునే ముందు కళ్లు దించి “నేను మంచివాణ్ణే, నా ఖర్మ ఇది” అని జాలి అడుగుతున్నారా? కన్నీరు తెచ్చుకుంటున్నారా? అలా చేస్తే సీను పోయినట్టే. గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చూసే చూపు చాలు.

వరద సీన్లలో ఇంకో ఇబ్బంది ఉంది. రెయిన్ మిషను నీళ్లు మొహం మీద పడితే ఎంతటి నటుడైనా రెప్పలార్పక తప్పదు. క్లోజప్పులకు వాన మనిషికి ముందూ వెనకా పడాలి, లైటు వెనక నుంచి రావాలి. అప్పుడే ధార కనిపిస్తుంది, కళ్లూ తెరుచుకుని ఉంటాయి. తాళ్లకు వేలాడుతూ చేసే రోప్ పనికి నడుము బలం కావాలి గానీ సిక్స్ ప్యాక్ వద్దు. గేట్లు తిప్పే మనిషి ఒళ్లు జిమ్ముదిలా కనిపించకూడదు.

ఫహద్ ఫాజిల్ పేరు తప్పకుండా వస్తుంది. ‘ఉమామహేశ్వర’కు మలయాళ మూలంలో హీరో ఆయనే, నటుడిగా శంక లేదు. కానీ కృష్ణా జిల్లా యాస నోటికి పట్టాలి. వేరే గొంతు పెడితే సగం నటన అక్కడే పోతుంది. ‘హనుమాన్’ హీరో తేజ సజ్జా ఈ పాత్రకు వయసులో చిన్న.

సత్యదేవ్ మీద గ్రాఫిక్స్ బడ్జెట్ తిరిగొస్తుందా అనేది న్యాయమైన సందేహమే. 2024 సంక్రాంతికి ‘హనుమాన్’ పెద్ద స్టార్ లేకుండానే పెద్ద సినిమాల మధ్య నిలబడి గెలిచింది కాబట్టి దారి మూసుకుపోలేదు. హీరో దగ్గర మిగిలే డబ్బు మంత్రి పాత్ర మీద పెట్టి రానాను తీసుకోవాలి. లష్కరుగా అయితే ఆ విగ్రహానికి లొంగుబాటు అతకదు. మంత్రిగా కుర్చీలో కూర్చున్నా ఎదుట నిలబడ్డ సత్యదేవ్ చిన్నగా కనిపిస్తారు, బంగళా సీనుకు కావలసిన ఒత్తిడి మాట లేకుండానే ఫ్రేములోకి వచ్చేస్తుంది. నిర్మాత నానినే కావాలంటే మాత్రం క్లైమాక్స్ పేజీలు లాక్ చేసి, వాటిని మార్చకూడదని అగ్రిమెంటులో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వాలి.