మన జిల్లాల కథలు, మన జిల్లాల బొమ్మలు: ఒక చందాదారు మాట

విజయవాడ నుంచి వచ్చే ఈ సాహిత్య మాసపత్రికకు చాలా ఏళ్లుగా చందా కడుతున్నాను. పెద్ద పేర్ల కోసమైతే కొనొద్దు. కృష్ణా, గుంటూరు జిల్లాల టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, కౌలు రైతులు రాసే కథల కోసం కొనండి.

ఆమధ్య గుంటూరు మిర్చి యార్డు మీద ఒక కథ వేశారు. టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే హమాలీ, తాలు కాయలు ఏరే అతని భార్య, కమీషన్ కొట్టు గుమాస్తా, అంతే మనుషులు. మాటలన్నీ యార్డులో వినపడేవే. సంపాదకులు వాటిని పుస్తకాల భాషలోకి దిద్దలేదు. బొమ్మ వేసిన ఆర్టిస్టుదీ గుంటూరే. ముక్కూ నోరూ కప్పేలా కొంగు చుట్టుకున్న ఆమె కళ్లు, కాయలు ఏరే వేళ్లు మాత్రమే గీశాడు. ఉన్నది నల్లగీతలే అయినా ఘాటుకి కళ్లు మండుతున్నట్టు తెలిసిపోతుంది. రచయిత పేరు పక్కనే అదే సైజు అక్షరాల్లో చిత్రకారుడి పేరు కూడా వేస్తారు. బొమ్మ మూలన సంతకాన్ని పట్టి పట్టి చూసే పని లేదు. నాకు అన్నిటికంటే నచ్చింది ఈ పద్ధతే.

పెడన కలంకారీ మీద వచ్చిన వ్యాసమూ అలాంటిదే. టేకు చెక్క మీద అచ్చు చెక్కడం, గుడ్డని కరక్కాయ నీళ్లలో తడపడం, ఇనుప తుప్పూ బెల్లమూ నానబెట్టి నల్లరంగు తియ్యడం, అంతా పనివాళ్లే చెప్పుకొచ్చారు.

కవిత్వం పేజీలు మాత్రం నీరసం, ఉగాది సంచికలో మరీను. పుస్తక సమీక్షల్లో మొహమాటం ఎక్కువ. ఒక్క లోపమైనా చెప్పకపోతే కొత్తగా రాసేవాళ్లు ఎలా నేర్చుకుంటారు? అచ్చుతప్పులు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. ఒక్కోసారి సంచిక ఇంటికి చేరదు, ఫోన్ చేస్తే విసుక్కోకుండా ఇంకో కాపీ పంపుతారు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో విడిగానూ దొరుకుతుంది.

అయినా చందాయే కట్టమంటాను. ‘భారతి’ మాసపత్రిక 1991లో ఆగిపోయింది. ‘చతుర’, ‘విపుల’ మాసపత్రికలు 2021లో ఆగాయి. మొదటి కథ పట్టుకుని తిరిగే కుర్రాళ్లకి అచ్చు పత్రికలు ఎన్నో మిగల్లేదు. జీవిత చందా కన్నా ఏటేటా కట్టేదే మేలని నా అభిప్రాయం. జీవిత చందా డబ్బు ఒక్కసారే వస్తుంది, కాగితం ధర, పోస్టు ఖర్చు మాత్రం పెరుగుతూనే ఉంటాయి. ఉగాదికి ముందే కడితే ప్రత్యేక సంచిక కూడా అందులోనే వచ్చేస్తుంది.