ఎనిమిది మూరల కాటన్ పంచె, వెల్క్రో రెడీమేడ్ పంచె: రెండూ గుడికి కట్టుకుపోయినాక నా రివ్యూ

కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజు నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక సాయిబు గారి షాపుంది, చిన్నది, పంచెలు కండువాలు లుంగీలు టవళ్ళు తప్ప ఇంకేం దొరకవు. మంత్రాలయం, శ్రీశైలం పోవాలని మా అక్క కొడుకుని వెంటబెట్టుకుని పోయినా. ఆయన మొదట అడిగింది "ఎంతలో కావాలప్పా" అని కాదు, "మంత్రాలయానికా శ్రీశైలానికా" అని. మంత్రాలయంలో మగోళ్ళు చొక్కా, బనీను తీసేసి లోపలికి పోవాలి కాబట్టి కండువా పన్నా పెద్దదుండాలంట, శ్రీశైలంలో స్పర్శ దర్శనానికైతే పంచె ఉండాల్సిందే, పైగా వంగి లింగానికి తల ఆనించాలి కాబట్టి నడుము దగ్గర జారకూడదంట. ఏ షోరూములోనూ నాకు ఇంత వివరంగా చెప్పినోళ్ళు లేరు.

నేను తీసుకున్నది ఎనిమిది మూరల కాటన్, సన్న జరీ అంచు, 650 రూపాయలు. ఎమ్మిగనూరు నేత అన్నాడు, అదేనండీ మాచాని సోమప్ప గారు చేనేత సొసైటీ పెట్టిన ఊరు, మంత్రాలయానికి మేం పోయే దారి కూడా అదే. గుడ్డ మెత్తగా ఉంది, క్యూలో రెండు గంటలు నిలబడినా చెమట పీల్చేసింది. ఒకటే ఇబ్బంది, మొదటిసారి ఉతికితే గంజి అంతా పోయి రెండు మూడు అంగుళాలు కుంచించుకుపోయింది, కాబట్టి పొడుగోళ్ళు పెద్ద సైజు అడగండి.

మావాడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్, వాడు ఆన్‌లైన్లో ముందే వెల్క్రో పంచె తెప్పించుకున్నాడు, జేబు కూడా ఉంది. కట్టుకోడానికి నిమిషం పట్టదు, అది నిజమే. కానీ గుడ్డలో పాలిస్టర్ ఎక్కువ, ఒళ్ళంతా ఉడికిపోయింది వాడికి, రెండో ఉతుకుకి వెల్క్రోకి పీచు పట్టి అతుక్కోవడం మానేసింది. శ్రీశైలం పొయ్యే ముందు రోజు మళ్ళీ సాయిబు గారి దగ్గరికే పోయినాం. ఆయన గల్లా వదిలేసి లేచొచ్చి, గోచీ ఎట్ల పెట్టాలో కుచ్చిళ్ళు ఎట్ల దోపాలో మావాడితో మూడుసార్లు కట్టించి చూపించాడు.

దారి పొడుగునా మావాడిది ఒకటే ప్రశ్న, "దేవుడికి నా జీన్స్‌తో ఏం పని మామా, ఇదంతా పాతకాలం కదా" అని. వాణ్ణి కసురుకోవాలనిపించలేదు నాకు. 2024 డిసెంబర్లో కేరళలో శివగిరి మఠం స్వామి సచ్చిదానంద గారే చొక్కా తీసే ఆచారం పోవాలన్నారు, ఒంటి మీద జంధ్యం ఉందా లేదా చూడ్డానికి పెట్టిందని ఆయన మాట. ఎవర్నో బయట నిలబెట్టడానికి పెట్టిన నియమమైతే దాన్ని అడగాల్సిందే, నేను కూడా ఆ మాటే అంటా. కానీ శ్రీశైలంలో మల్లన్నని ఏ కులమోళ్ళైనా చేత్తో తాకొచ్చు, చెంచులైతే ఆయన్ని చెంచు మల్లయ్య అని అల్లుడిగా చూసుకుంటారు, అట్లాంటి చోట పంచె కట్టమంటే అది ఎవర్నీ ఆపడానికి కాదు కదా. కార్లో వచ్చినోడికీ బస్సులో వచ్చినోడికీ అదే తెల్లగుడ్డ. పద్ధతి వెనక ఏముందో కనుక్కోకుండా ఫోన్లో రెండు వీడియోలు చూసి ఎగతాళి చెయ్యడం మాత్రం నాకు నిజంగా బాధ.

శ్రీశైలంలో శివరాత్రికి మల్లన్న గుడికి పాగా చుట్టే పాగాలంకరణ గురించి చెప్పా వాడికి. చీరాల వైపు దేవాంగుల ఇంట్లో రోజుకో మూర లెక్కన ఏడాదంతా నేసిన పాగాని శివరాత్రి రాత్రి లింగోద్భవ కాలంలో లైట్లన్నీ ఆర్పేసి, ఆ నేతన్న దిగంబరంగా విమాన గోపురం కలశం నుంచి ముందున్న నందుల దాకా చుడతాడు. చీకట్లో, ఒక్కడే, ఎవరూ చూడకుండా. "ఏడాదంతా ఒక్క గుడ్డ కోసమా" అన్నాడు మావాడు, తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. నా మాటకి ఒప్పుకున్నాడని చెప్పను, వచ్చేటప్పుడు కూడా రెండు మూడు ప్రశ్నలు అడిగాడు, వాటికి నా దగ్గర జవాబు లేదు.

కాటన్ పంచెకి ఐదుకి నాలుగున్నర ఇస్తా, కుంచించుకుపోయినందుకు అర తగ్గించినా. వెల్క్రోదానికి రెండు, మోకాళ్ళ నొప్పులున్న పెద్దోళ్ళు, అసలు కట్టుకోవడం రానోళ్ళు ఒక్క పూటకి వాడుకోవచ్చు. షాపులో యూపీఐ ఉంది, బేరం లేదు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి షట్టర్ దించేస్తారు, ఆ రోజు పోవాలంటే పన్నెండు లోపల పోండి.